స్కేట్‌బోర్డ్ గ్రిప్ టేప్ మీద బొమ్మ: పెయింటా, కోసి పొదగడమా? పట్టు పోకుండా ఎలా?

#1 కొత్తచక్రం

స్కేట్‌బోర్డ్ డెక్ (నిలబడే చెక్క పలక) 8.25 అంగుళాల వెడల్పుది, దాని మీద గ్రిప్ (ఉప్పు కాగితంలాంటి గరుకు షీటు) ఇంకా అంటించలేదు. నల్ల షీటు ఒకటి, ఎర్ర షీటు ఒకటి ఉన్నాయి. రెండూ 9 × 33 అంగుళాలు, 80 గ్రిట్ (రవ్వ గరుకు కొలత). మధ్యలో పులి ముఖం, టెయిల్ (వెనక కొస) వైపు రెండు చారలు రావాలి. మార్కర్ మేలా, స్ప్రేనా, లేక ఎర్ర షీటు కోసి నల్లదాంట్లో పొదగడమా? బొమ్మ వేశాక అంటించాలా, అంటించాక వేయాలా? బోర్డు గోడకు తగిలించడానికి కాదు, రోజూ ఎక్కడానికే. ఓలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం), కిక్‌ఫ్లిప్ (గాల్లో బోర్డును పొర్లించడం) నేర్చుకునే దశ కాబట్టి కాలు జారితే కష్టం.

#2 ఏడుపొరలు

రంగు సంగతి తర్వాత చూద్దాం. పాదం ఎక్కడ పడుతుందో ముందు తేల్చుకోండి, బొమ్మకు చోటు దాన్నిబట్టే దొరుకుతుంది.

ఓలీలో ముందు కాలు ముందు బోల్టుల (ముందు చక్రాల ఇరుసును బిగించేవి) వెనక నుంచి నోస్ (ముందు కొస) దాకా బూటు పక్క అంచుతో గీసుకుంటూ పోతుంది. ఫ్లిప్‌లో అదే రాపిడి నోస్ అంచుకు ఏటవాలుగా సాగుతుంది. డెక్ మొత్తంలో ముందుగా అరిగేది ఈ చోటే. ఇక్కడ పెయింటు వేస్తే కొన్ని రోజులకే పోతుంది. పోయేలోపు పట్టును కూడా తగ్గిస్తుంది. టెయిల్ మీద వెనక పాదం ముందుభాగం నొక్కుతుంది. అక్కడ రాపిడి తక్కువ, ఒత్తిడి ఎక్కువ.

కాళ్ళు తక్కువగా పడేది రెండు బోల్టు గుంపుల మధ్య, అందులోనూ వెనక బోల్టులకు దగ్గరగా ఉన్న భాగం. మీ డెక్ వీల్‌బేస్ 14 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది, అంటే లోపలి చిల్లుల మధ్య అంత జాగా ఉన్నట్టు. ముందు బోల్టుల వైపు 4 అంగుళాలు వదిలేస్తే దాదాపు 10 అంగుళాల పొడవు మిగులుతుంది. పులి ముఖం అక్కడ పెట్టండి. చారలు వెనక బోల్టులు దాటిన వెంటనే రావాలి, టెయిల్ చివరి 3 అంగుళాలు మామూలు నల్ల గ్రిప్‌గా వదిలేయాలి.

#3 గరుకురవ్వ

ఏడుపొరలు గారు చెప్పినదానికి లెక్క జోడిస్తున్నాను. 80 గ్రిట్‌లో ఒక్కో రవ్వ సుమారు 0.2 మి.మీ. ఉంటుంది. అందులో అడుగుభాగం రెసిన్‌లో (రవ్వలను పట్టి ఉంచే పొర) కూరుకుపోయి ఉంటుంది కాబట్టి బూటు రబ్బరును పట్టుకునే మొన అంతకంటే చాలా తక్కువ. స్ప్రే పలుచగా ఒక పొర వేస్తే ఆరాక దాదాపు 0.02 మి.మీ. మిగులుతుంది. తడి పెయింటు మొనల మీద నిలవదు, జారి రవ్వల మధ్య గుంటల్లో చేరుతుంది. రెండు మూడు పలుచటి పొరల వరకు మొనలు బయటే ఉంటాయి. ఐదారు వేస్తే గుంటలు పూడి పైభాగం నున్నబడుతుంది. బొమ్మ వేసిన గ్రిప్ జారడానికి అసలు కారణం ఇదే, రంగు రకం కాదు.

ఇందులోనే మనకు కలిసొచ్చేది కూడా ఒకటి ఉంది. బోర్డును దీపం ముందు ఏటవాలుగా పట్టుకుని చూడండి. నాలుగు రోజులు ఎక్కిన బొమ్మ మీద మొనలు నల్లగా మెరుస్తుంటాయి, రంగు గుంటల్లో భద్రంగా ఉంటుంది. నిలబడి పైనుంచి చూస్తే కన్ను రెండింటినీ కలిపి రంగుగానే చదువుతుంది. అందుకే వెడల్పాటి రంగు మచ్చలు నెలల తరబడి నిలుస్తాయి, సన్న గీతలు మాత్రం తొందరగా చెదిరిపోతాయి. గీత 3 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. పులి మీసాలు వెంట్రుకల్లా గీయకండి, మొదట్లో లావుగా, చివర మొనదేలేలా వేయండి.

మార్కర్ పద్ధతి:

నీటితో కలిసే యాక్రిలిక్ పెయింట్ మార్కర్లు వాడాలి (పోస్కా లాంటివి). మామూలు పర్మనెంట్ మార్కర్ నల్ల గ్రిప్ మీద కనపడదు, అందులో ఉండేది డై, పైకప్పే పెయింటు కాదు. ఖాళీలు నింపడానికి 8 మి.మీ. చదును మొన, అంచులకు 2 మి.మీ. గుండ్రటి మొన సరిపోతాయి.

ముందు సుద్దముక్కతో స్కెచ్ వేసుకోండి. తప్పు పోతే పొడి బ్రష్‌తో దులిపితే చాలు. పెన్సిల్ నల్లదాని మీద కనపడదు.

మొనను ఈడ్చకూడదు, పొడవాలి. కాగితం మీద గీసినట్టు లాగితే గ్రిప్ దాన్ని ఉప్పు కాగితంలా తినేస్తుంది, పది నిమిషాల్లో మొన పీచులుగా విడిపోతుంది. నిలువుగా పట్టుకుని టక్ టక్‌మని చుక్కలు పెడుతూ పోవాలి, అప్పుడు రంగు గుంటల్లోకి కూడా దిగుతుంది. మొన పాడైతే తిప్పి పెట్టుకునేవి, విడిగా మార్చుకునేవి ఉన్నాయి. కొత్త మార్కర్‌ను గ్రిప్‌కు బలి చేయకుండా పాతబడిన వాటిని దీనికి కేటాయిస్తే మంచిది.

ఎరుపు, నారింజ, నీలం నేరుగా నల్లదాని మీద వేస్తే మసక బారినట్టుంటాయి. కింద తెల్లది ఒక పొర వేసి, 15–20 నిమిషాలు ఆరనిచ్చి, దాని మీద రంగు ఒకటి లేదా రెండు పొరలు. మొత్తం మూడు దాటకూడదు. పసుపు, తెలుపు అయితే అడుగు పొర లేకుండా రెండు పొరల్లో నిలబడతాయి.

#4 కత్తెరగీత

పులి ముఖానికి మార్కర్ సరే. చారలకు మాత్రం పెయింటు దండగ, ఎర్ర షీటు చేతిలో ఉండగా కోసి పొదగండి. పొదిగిన గ్రిప్‌లో పట్టు కొంచెం కూడా తగ్గదు, ఎందుకంటే అదీ గ్రిప్పే. రంగు షీటు వెనక పదార్థంలోనూ, రెసిన్‌లోనూ ఉంటుంది కాబట్టి అరిగినా మాసిపోవడమే తప్ప ఊడిపోదు.

కత్తెర వద్దే వద్దు (నా పేరు చూసి పొరబడకండి). రవ్వలు రెండు కోతలకే పదును తీసేస్తాయి. ముక్కలుగా విరిచే బ్లేడున్న కటర్, స్టీలు స్కేలు, కింద కటింగ్ మ్యాట్ లేదా మందపాటి అట్ట పెట్టుకోండి. షీటును తిరగేసి వెనక కాగితం వైపు నుంచి కోయాలి. బ్లేడు కాగితాన్ని, దాని వెనక పొరను తెంపితే చాలు, రవ్వల దాకా దిగనక్కర్లేదు. కోసిన గీత వెంట మెల్లగా వంచితే రవ్వల పొర దానంతట అదే విడిపోతుంది. బ్లేడూ నిలుస్తుంది, అంచూ నీటుగా వస్తుంది. చార నిటారుగా ఉంటే బ్లేడు ముక్క ఒకటి చాలు. వంపులైతే ప్రతి రెండు మూడు వంపులకు ఒక ముక్క విరిచేయండి. మొద్దు బ్లేడు కోయదు, చింపుతుంది.

వెనక నుంచి కోస్తున్నారు కాబట్టి బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. చారలకు ఫర్వాలేదు. అక్షరాలు, ఒక వైపుకు తిరిగిన ముఖాలు అయితే దీన్ని మరిస్తే షీటు మొత్తం వృథా.

#5 కొత్తచక్రం

చాలా స్పష్టంగా చెప్పారు, థాంక్స్ అండీ. రెండు అనుమానాలు. ఎర్ర చార, నల్ల ఖాళీ ఒకే కొలతకు రావాలంటే రెండు షీట్లూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి కోయొచ్చా? రెండోది, 33 అంగుళాల షీటు మధ్యలో ఖాళీలు కోసి ఉంటే వంకర పోకుండా అంటించేదెలా?

#6 కత్తెరగీత

ఒకేసారి కోయడం సిద్ధాంతపరంగా బాగుంటుంది, చేతిలో మాత్రం చెడుతుంది. బ్లేడు పై షీటు రవ్వల గుండా దిగి కింది షీటుకు చేరేసరికి మొద్దుబారిపోతుంది, కింది కోత పళ్ళు పళ్ళుగా వస్తుంది. ముందు నల్లదాంట్లో ఖాళీ కోయండి. ఎర్ర షీటును తిరగేసి, దాని వెనక కాగితం మీద ఊడిన నల్ల ముక్కను కూడా కాగితం వైపు పైకి ఉండేలా పెట్టి చుట్టూ సన్నటి పెన్సిల్ గీత గీసి, ఆ గీతకు లోపలివైపు కోయండి. ఎర్ర ముక్క అన్ని వైపులా అర మిల్లీమీటరు చిన్నదవుతుంది. అలాగే కావాలి. రెండు అంచుల మధ్య ఆ సన్నటి సందు ఉంటే కనీ కనపడని గీతగా ఉండిపోతుంది. ముక్క పెద్దదై ఒక అంచు ఇంకో అంచు మీదికి ఎక్కితే మాత్రం బూటు తగిలిన ప్రతిసారీ అది లేస్తుంది, వారంలో మూల ఊడి వస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. మొనదేలిన మూలలు వద్దు. ప్రతి మూలనూ బియ్యపు గింజంత గుండ్రం చేయండి. 8 మి.మీ. కంటే సన్నటి ముక్కలకు జిగురు జాగా చాలదు, అలాంటివి మార్కర్‌కు వదిలేయండి.

#7 ఏడుపొరలు

వంకర పోకుండా అంటించడానికి చిల్లులే ఆధారం. 8 చిల్లులూ డెక్ మధ్యగీతకు సరిగ్గా రెండు పక్కలా ఉంటాయి. ప్రతి జత మధ్య బిందువు గుర్తుపెట్టి, స్కేలుతో నోస్ నుంచి టెయిల్ దాకా పెన్సిల్ గీత గీయండి. షీటు వెనక కాగితం మీద కూడా నిలువునా మధ్యగీత గీయండి. 9 అంగుళాల షీటు, 8.25 డెక్ అంటే రెండు పక్కలా మీకు మిగిలేది ఒక్కో సెంటీమీటరు కూడా కాదు. మామూలు నల్ల షీటైతే కాస్త వాలినా కోసేస్తే సరిపోతుంది, బొమ్మ ఉన్న షీటు వాలితే ఆ వాలు ఎప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

వెనక కాగితాన్ని ఒకేసారి లాగకండి. షీటు నడుమ అడ్డంగా, కాగితం మాత్రమే తెగేలా 2 అంగుళాల ఎడంలో రెండు గీతలు కోసి ఆ పట్టీ తీసేయండి. నోస్ వైపు, టెయిల్ వైపు మధ్యగీతలు కలిసేలా సరిచూసుకుని, నడుమ పట్టీని నొక్కండి. షీటు కదలకుండా నిలబడిపోతుంది. ఇప్పుడు ఒక పక్క కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి. కాన్‌కేవ్ (డెక్ మధ్య పల్లం) ఉన్న చోట ముందు లోతు, ఆ తర్వాత అంచు. అంచులు ముందు అంటిస్తే లోతులో గాలి చిక్కుతుంది. బుడగ వస్తే సూదితో గుచ్చి వేలితో గాలి తోయండి, ఎత్తి మళ్ళీ అంటించడానికి చూడకండి. రెండోసారి జిగురు ముందంత పట్టదు.

చల్లటి గదిలో ఈ పని వద్దు. జిగురు గట్టిపడి ఉంటుంది, పైకి అంటుకున్నట్టు కనపడుతుంది కానీ మూలలు లేస్తాయి. తప్పదనుకుంటే డెక్‌నూ షీటునూ హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసుకోండి.

అంచుకు ఆకురాయి గానీ స్క్రూడ్రైవర్ కమ్మీ గానీ 45 డిగ్రీల వాలులో గట్టిగా రుద్దితే తెల్లటి గీత వస్తుంది. బ్లేడును కింది నుంచి పెట్టి ఆ గీత వెంట కోయాలి. మిగిలిన ముక్కతోనే అంచును ఒకసారి రాస్తే పీచు పోతుంది. ఆకురాయి పట్టేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఊడే పొడి సిలికాన్ కార్బైడ్, ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కాదు.

#8 తోకపాప్

చిల్లుల గురించి ఎవరూ చెప్పలేదు. బొమ్మ ఉన్న గ్రిప్‌లో ఇదే ఎక్కువగా పాడయ్యేది. దబ్బనంతో కింది నుంచి గుచ్చితే చోటు కచ్చితంగా దొరుకుతుంది కానీ గ్రిప్ పైకి చిరిగి పువ్వులా విచ్చుకుంటుంది, ఆ రేకుల మీద రంగు రాలుతుంది. కాబట్టి కింది నుంచి సన్నగా గుచ్చి ఆపేసి, మిగతా పని పైనుంచి స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ చేయండి. చిరిగిన అంచులు చిల్లు లోపలికి ముడుచుకుంటాయి, బోల్టు తల వాటిని పట్టి ఉంచుతుంది. బోల్టు బిగించేటప్పుడు తల గ్రిప్‌కు సమంగా రాగానే ఆపండి. ఇంకా తిప్పితే చుట్టూ గ్రిప్ మెలిపడుతుంది.

అసలు ప్రశ్నకు నా జవాబు: పొదుగుడు అంటించేటప్పుడు, పెయింటు అంటించాక. ముందే పెయింటు వేసిన షీటును నోస్, టెయిల్ వంపుల మీద వంచితే మందపాటి పొర పగుళ్ళిస్తుంది.

#9 గరుకురవ్వ

మార్కర్ వరకు ఒప్పుకుంటాను. స్ప్రే మాత్రం షీటు బల్లపరుపుగా ఉండగానే వేయాలంటాను. అంటించాక స్ప్రే చేస్తే డెక్ అంచులకూ పక్కలకూ రంగు తగులుతుంది, కాన్‌కేవ్‌లో స్టెన్సిల్ పైకి తేలుతుంది. పలుచటి పొరలైతే ఆ వంపుకు పగలవు. మందంగా వేస్తే పగులుతాయి, కానీ మందంగా వేయడమే తప్పు కదా.

#10 తోకపాప్

పలుచగా వేసే చేతికి మీ మాటే సరి. మొదటిసారి డబ్బా పట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట మందంగా కొడతారు, అందుకే అలా అన్నాను. వాళ్ళు ముందు మిగులు ముక్క మీద కొట్టి, ఆరాక వంచి చూసుకోవాలి.

#11 స్టెన్సిల్‌అట్ట

స్ప్రే వేసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడ. మాస్కింగ్ టేపు గ్రిప్ మీద అంటదు, దానికి పట్టు రవ్వల మొనల మీదే దొరుకుతుంది. అంచు కింద 0.1, 0.2 మి.మీ. సందులు మిగులుతాయి, పెయింటు అందులోంచి పాకి అంచు పొగ పట్టినట్టు వస్తుంది. అంచు తేటగా కావాలంటే:

స్టెన్సిల్ మందపాటి అట్టతో కాదు, వంగే ప్లాస్టిక్ షీటుతో చేయండి. దాని వెనక వైపు, ఊడదీసి మళ్ళీ పెట్టుకునే రకం స్ప్రే జిగురు పలుచగా కొట్టి, అంచుల మీద బరువులు పెట్టండి. నట్లు, బేరింగులు దీనికి బాగా పనికొస్తాయి. డబ్బాను 20–25 సెం.మీ. ఎత్తులో, సరిగ్గా నిలువుగా పట్టుకోవాలి. పక్క నుంచి కొడితే గాలి పెయింటును స్టెన్సిల్ కిందికి తోస్తుంది. నొక్కడం బొమ్మ బయటే మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా దాటించి, బయటే వదలండి. మొదటి పొర తుంపరలా, కింద నలుపు సగం కనిపిస్తూ ఉండాలి. పది నిమిషాలకు రెండోది. చాలు. తడిగా మెరిసిందంటే మీరు ఎక్కువ కొట్టినట్టే. ఆరుబయట వేయండి, 24 గంటలు ఆగి ఎక్కండి. పైపైన ఆరినట్టున్నా గుంటల్లో మెత్తగానే ఉంటుంది, తొందరపడితే బూటు అడుగుకు అంటుకుని ముద్దలుగా లేస్తుంది.

పైన వార్నిష్, క్లియర్ కోట్ ఎవరైనా చెబితే వినకండి. అవి రంగును కాపాడవు, గుంటలను నింపుతాయి.

#12 మేపుల్‌పొర

ఇంకో దారి ఉంది. పారదర్శక గ్రిప్. బొమ్మ కిందే ఉంటుంది, బూటు దాన్ని ముట్టుకోదు. ఇష్టంతో గంటలు పెట్టి వేసిన బొమ్మకు ఇంతకంటే మంచి రక్షణ లేదు. కానీ రెండు షరతులు. ఒకటి, కింద మందపాటి పెయింటు కాకుండా చెక్కలోకి ఇంకే నీటి డై వాడండి. పెయింటు పొర చెక్కకు పూర్తిగా పట్టకపోతే గ్రిప్ జిగురు దాన్ని పొలుసులుగా లేపేస్తుంది. నూనె, మైనం ఉన్న పాలిష్ అసలు వద్దు, జిగురు నిలవదు. డై అయినా ఒక రోజు ఆరాలి. రెండు, బుడగ ప్రతిదీ తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. నల్లదాని కింద దాక్కునే తప్పు ఇక్కడ దాక్కోదు. వేలిముద్ర, వెంట్రుక, చెక్కపొడి అన్నీ కనపడతాయి, అంటించే ముందు పొడి గుడ్డతో రెండుసార్లు తుడవండి.

బొమ్మకు బదులు చెక్కనే చూపించాలన్నా మార్గం సులువు. 2–3 మి.మీ. సందు వదిలి నల్ల గ్రిప్‌ను రెండు ముక్కలుగా అంటించండి. ఆ సందులో మేపుల్ చెక్క గీతలా కనిపిస్తుంది. ముందు బోల్టుల దగ్గర ఒకే ఒక్క అడ్డగీత పెడితే నోస్ ఏదో, టెయిల్ ఏదో కిందికి చూడగానే తెలుస్తుంది. కొలత మాత్రం దాటించకండి. సందు వేలు వెడల్పయితే నీళ్ళు, మట్టి చేరి పక్క అంచులు లేస్తాయి. ఇంకో మాట, గ్రిప్ అంటించాక డెక్ మీదే బ్లేడుతో కోయకండి. పై పొర మేపుల్ ఒకటిన్నర మి.మీ. ఉంటే ఎక్కువ. అడ్డంగా గాటు పడితే పగులు అక్కడే మొదలవుతుంది.

#13 వంపుకోత

చేతితో కష్టమైన డిజైన్లకు లేజర్ కటర్ వాడొచ్చా? పులి ముఖం వెక్టర్‌గా సిద్ధంగా ఉంది.

#14 కత్తెరగీత

షీటు వెనక పొర ఏ ప్లాస్టిక్కో తయారీదారు రాసి ఇస్తే తప్ప వద్దండి. అది పీవీసీ అయితే లేజర్ వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషికీ ప్రమాదం, యంత్రంలోని లోహానికీ తుప్పు. కాగితం మీద ప్రింటు తీసి, తిప్పిన బొమ్మను వెనక కాగితానికి టేపుతో అంటించి, రెండింటినీ కలిపి కటర్‌తో కోయడం నిదానమైనా నమ్మకమైన పని. ముక్కలు పదికి మించితే ప్రతి ముక్క వెనకా, ప్రింటు మీదా ఒకే నంబరు వేసుకోండి. కాగితం అంటించే క్షణం వరకు ఊడదీయకండి. నల్ల షీటు ముందు అంటించి, తర్వాత ఒక్కో ఎర్ర ముక్కను బ్లేడు మొన మీద నిలిపి, ఒక అంచు సరిపెట్టి దించాలి. నొక్కడానికి గుడ్డ చుట్టిన చెక్క ముక్క వాడండి, బొటనవేలు తోలు పోతుంది.

#15 కొత్తచక్రం

నిర్ణయం: చారలు పొదుగుతాను, పులి ముఖం అంటించాక మార్కర్‌తో, తెల్ల అడుగు పొర మీద నారింజ. చివరి ప్రశ్న. మాసిపోతే శుభ్రం చేసేదెలా? పొదిగిన ముక్క మూల లేస్తే?

#16 గరుకురవ్వ

మట్టికి పొడి నైలాన్ బ్రష్, బూటు రబ్బరు మరకలకు గ్రిప్ గమ్. ముడి రబ్బరు దిమ్మ అది. ఒకే దిశలో రుద్దితే నలుపు ఉండలుగా రాలుతుంది. ఇత్తడి తీగల బ్రష్ పెయింటు లేని చోట మాత్రమే. ఆల్కహాల్‌తో తుడవమని చాలాచోట్ల రాస్తారు, కానీ యాక్రిలిక్ దానికి మెత్తబడి కరిగిపోతుంది. బొమ్మ ఉన్నచోట వద్దు. తడి గుడ్డ నానబెట్టినట్టు కూడా వద్దు, సందుల గుండా నీరు చెక్కకు చేరుతుంది.

బొమ్మకు నెలకోసారి మళ్ళీ మార్కర్ తిప్పాలనిపిస్తుంది. అప్పుడు మొత్తం పూయకండి, వెలిసిన మచ్చల్లో మాత్రం చుక్కలు పెట్టండి. వేలి కొసతో తడిమితే గరగరలాడాలి. నున్నగా తగిలిన చోట రంగు చాలించాలి.

#17 కత్తెరగీత

మూల లేస్తే ఆ రోజే చూడాలి. ఒకరోజు ఎక్కితే కిందికి దుమ్ము చేరి జిగురు చచ్చిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం వేడిచేసి, చెక్క ముక్కతో నొక్కి, చల్లారేదాకా బరువు పెట్టండి. అప్పటికే దుమ్ము పట్టి ఉంటే కాంటాక్ట్ అడెసివ్ అగ్గిపుల్లతో రెండు వైపులా పలుచగా రాసి, చేతికి అంటనంత ఆరాక కలపండి. అదీ నిలవకపోతే ముక్క మొత్తం వేడిచేసి తీసేసి కొత్తది పెట్టడమే. అందుకే పొదుగుడుకు కోసేటప్పుడే ప్రతి ఎర్ర ముక్కకూ ఒక జత అదనంగా కోసి, కాగితంతో సహా రెండు అట్టల మధ్య చదునుగా దాచుకోండి. చుట్టి పెడితే వంపు తిరిగి మూలల నుంచే మళ్ళీ లేస్తాయి.